లండన్ లేఖలో మేనా

పత్రికల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాసేపు కూర్చున్నాక, "ఆ రోజుల్లో మీరు లండన్ నుంచి రాసేవారట కదా" అంటారు. నేను లండన్ నుంచి ఒక్క అక్షరం కూడా రాయలేదు నాయనా. జనగామ రైల్వే స్టేషన్ వెనక, ఒక పెంకుటింటి ముందు గదిలో చాప మీద కూర్చుని లండన్ గురించి రాశాను. జీవితంలో నేను అన్నిటికన్నా దూరం వెళ్లింది బెజవాడ. అక్కడి ఎండకు తట్టుకోలేక మూడో రోజే తిరిగొచ్చాను. అయినా ఊళ్లో నా పేరు లండన్ పంతులు.

ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నాను, ఎవరు దండలు వేశారు అన్నవి ఇక్కడ రాయను. చదివితే మీకు నిద్రొస్తుంది, రాస్తే నాకూ వస్తుంది. నాకు బుద్ధి చెప్పిన ఒక తప్పు గురించి రాస్తాను. తప్పు నాది. దాని దెబ్బ నలుగురు మనుషుల మీద పడబోయింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా దగ్గర అంతకన్నా పనికొచ్చే సంగతి లేదు.

ఏం రాయకూడదో ముందు నేర్చుకున్నాను

యుద్ధం అయిపోయిన రోజులు. జనగామ చుట్టుపక్కల ఊళ్లలో దొరల మీద రైతుల సంఘం లేచింది. ఒక ఊళ్లో వెట్టి చెయ్యం పొమ్మన్నారని, ఇంకో ఊళ్లో దున్నిన భూమి వదిలేది లేదన్నారని రోజూ కబుర్లు వచ్చేవి. ఇంకా తుపాకుల దాకా రాలేదు గానీ కర్రలూ వడిసెలలూ బయటికొచ్చాయి. ఇంతటి వార్తలు గుమ్మం ముందుంటే మా వారపత్రికలో మాత్రం వానలు, సంతలు, సంతాపాలు అచ్చయ్యేవి.

పత్రిక హనుమకొండలో అచ్చయ్యేది. మా ఎడిటరు రంగయ్య గారు. బుగ్గలో ఎప్పుడూ కిళ్లీ ఉంటుంది, కళ్లలో ఎప్పుడూ సర్కారు భయం ఉంటుంది. నేను చేరిన రోజే ఆయన వేళ్లు ముడుస్తూ చెప్పాడు.

"దొరల మీద రాయొద్దు. వెట్టి అన్న ముచ్చటనే ఎత్తొద్దు. సంఘం పేరు తియ్యొద్దు. పోలీసు అమీను సాబుకు తుమ్మొచ్చినా రాయొద్దు. సమజైందా?"

"మరేం రాయాలండీ?"

ఆయన కిళ్లీ ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చాడు. "లండన్ మీద రాయయ్యా. ఆళ్లనెంత తిట్టినా ఈడ ఎవ్వలికి నొప్పి లేదు."

అలా పుట్టింది నా 'లండన్ లేఖ'. వారం వారం మూడో పేజీలో వచ్చేది. కింద నా పేరుండేది కాదు, 'మన లండన్ మిత్రుడు' అని ఉండేది. ఆ అబద్ధం కూడా రంగయ్య గారిదే. ఆయన్ను పిరికివాడని చాలామంది తిట్టారు, నేనూ తిట్టాను. కానీ నడిచే పత్రికను నడుస్తూ ఉంచడం పిరికివాళ్ల వల్ల అయ్యే పని కాదని తర్వాత తెలిసింది.

నా వార్తలు ఎలా వచ్చేవంటే

లండన్ గురించి రాయాలంటే లండన్ వార్తలు కావాలి. ఇంగ్లీషు పేపరు తెప్పించుకునే స్తోమత నాకు లేదు, మా పత్రికకూ లేదు. మా చుట్టుపక్కల దాన్ని తెప్పించేది ఒక్కడే. పాలకుర్తి వైపు ఒక ఊరి దొర. హైదరాబాదులో చదువుకున్నాడు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాడు. మేమంతా ఇంగ్లీషు దొర అనేవాళ్లం. ఆయన పేపరు మద్రాసులో అచ్చయి, బెజవాడ, మానుకోట, కాజీపేట మీదుగా రైల్లో రెండు రోజులు ఆలస్యంగా జనగామకు చేరేది. వారానికి రెండుసార్లు ఆ కట్ట తీసుకుపోవడానికి దొర ఉండే గడీ నుంచి మల్లయ్య వచ్చేవాడు.

మల్లయ్య దొరవారి మేనా మోసే బోయీ. మేనా పని లేని రోజున కాలినడకన జనగామకు రావాలి, కట్ట నెత్తిన పెట్టుకుని మళ్లీ నడవాలి. కోడి కూయగానే బయలుదేరితే ఎండెక్కేసరికి చేరేవాడు. స్టేషన్ నుంచి తిన్నగా మా అరుగు మీదికొచ్చి, కట్ట నా చేతిలో పెట్టి, చెంబెడు నీళ్లు తాగి, కాసేపు నడుం వాల్చేవాడు. అతను లేచేలోగా నేను పేపరంతా చదివి కావలసినవి రాసుకోవాలి. అది మా ఇద్దరి ఒప్పందం. ఎవరూ నోరు తెరిచి చేసుకున్నది కాదు.

"మడత పోనియ్యకు పంతులూ," అనేవాడు కళ్లు మూసుకునే. "దొర ముందుగాల మడత జూస్తడు, తర్వాతనే అచ్చరం జూస్తడు."

మడత పోకుండా విప్పడం, మడత పోకుండా మూయడం నాకు బాగా అబ్బింది. ఆ పేపరు ఎవరి కాళ్ల మీద నడిచి నా దగ్గరికొస్తున్నదో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వెట్టి మీద రాయలేకపోతున్నానని కుమిలిపోయేవాణ్ణి. ఆ కుమిలిపోయే మనిషికి వార్తలు వెట్టి మీదే వచ్చేవి. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎవ్వలు ఓట్లేసిండ్రు?

మొదటి లేఖలు నేను గ్రాంథికంలో దంచాను. స్టేషన్ దగ్గర చాయ్ హోటల్లో ఒకాయన పైకి చదివితే వింటున్నవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. చదివేవాడు కూడా సగంలో ఆపి చాయ్ తాగాడు. దాంతో భాష మార్చాను.

నిజానికి లండన్ రాజకీయాలంత నవ్వొచ్చేవి ఇంకెక్కడా లేవు. వాళ్ల సభలో ఒకణ్ణొకడు అబద్ధాలకోరు అనకూడదట. 'నా గౌరవనీయ మిత్రునికి ఎవరో తప్పుడు సమాచారం ఇచ్చినట్టున్నారు' అనాలట. పగలంతా అలా మర్యాదగా పీకలు కోసుకుని, పొద్దుగూకగానే ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తారు. యుద్ధం జరిగినన్నాళ్లూ ప్రతి జాతికీ స్వేచ్ఛ కావాలని గొంతు చించుకున్నారు. మరి మా సంగతేమిటని మనవాళ్లు అడిగితే, అబ్బే, ఆ మాట యూరపు వాళ్ల కోసం అన్నదన్నారు. యుద్ధం గెలిపించిన ప్రధానిని జనం ఎన్నికల్లో ఇంటికి పంపారు. కొత్తగా వచ్చినవాళ్లు కూలీనాలీ పక్షం. వాళ్లకు మన మీద చాలా ప్రేమ. ఎంత ప్రేమంటే పాపం మనల్ని వదల్లేకపోతున్నారు.

ఇలా రాస్తుంటే హోటల్లో నవ్వులు వినబడేవి. ఒక వారం వాళ్ల ప్రభువుల సభ గురించి రాశాను. ఆ మరుసటి రోజు స్టేషన్‌లో ఎవరో చెప్పుకుంటుంటే విన్న మల్లయ్య మా అరుగు మీద పడుకుని అడిగాడు.

"పంతులూ, గా ప్రభువుల సభల కూసున్నోళ్లకు ఎవ్వలు ఓట్లేసిండ్రు?"

"ఎవ్వరూ వెయ్యలే. తాత కూర్చున్నడు, తండ్రి కూర్చున్నడు, వీడూ కూర్చుంటడు."

"ఏం పని జేస్తరు?"

"పని చేసేవాళ్లు చేసిన చట్టాలు బాగున్నయా లేవా చూస్తరు."

మల్లయ్య లేచి కూర్చున్నాడు. "ఓరి నీ! గది మన గడీనే గద. గాడ గూడ గిట్లనే ఉన్నదా? నువ్వు లండన్ సీమ, లండన్ సీమ అంటుంటె నేనేందో అనుకున్న."

అప్పుడు తెలిసింది, నేను ఎవరికి రాస్తున్నానో. జనం లండన్ కోసం చదవడం లేదు. లండన్ పేరు మీద తమ ఊరిని చదువుకుంటున్నారు. ఇది తెలిసినప్పటి నుంచి నాకు కొంచెం పొగరెక్కింది. పొగరెక్కిన రాతగాడికి తర్వాతి మెట్టు తప్పే.

నా ఉపన్యాసం ఎట్లుండె?

ఆ వానాకాలంలో జనగామలో ఒక సభ జరిగింది. ఇంగ్లీషు దొర ఖద్దరు టోపీ పెట్టుకుని వేదిక ఎక్కాడు. లండన్‌లో కార్మికులు మంత్రులయ్యారని, కాలం మారిందని, నేటి నుంచి తన ఊళ్లో వెట్టి లేదని ప్రకటించాడు. చప్పట్లే చప్పట్లు. నేనూ కొట్టాను. కంట్లో నీళ్లు తిరిగాయి కూడా, దాచుకోవడమెందుకు.

రెండు రోజుల తర్వాత మల్లయ్య కట్ట కోసం వచ్చాడు. "వెట్టి లేదన్నడు కదా, మళ్ల ఎందుకొచ్చినవ్?" అన్నాను. అతను నీళ్లు తాగుతూ తాగుతూ పొలమారి నవ్వాడు. దొర మోటారు పక్కా రోడ్డు దాకానే పోతుందట. సభ నుంచి వెళ్లిన దొర అక్కడ దిగి, టోపీ తీసి జాగ్రత్తగా దిండు కింద పెట్టి, మేనా ఎక్కాడట. బోయీలు నలుగురూ బురదలో మోస్తున్నారు. కొంతదూరం పోయాక లోపలి నుంచి అడిగాడట.

"ఏమన్నడో ఎరికేనా పంతులూ? 'ఒరే, ఇయ్యాల వెట్టి లేదని జెప్పిన. నా ఉపన్యాసం ఎట్లుండె రా?' అన్నడు."

"మీరేమన్నరు?"

"ఏమంటం? అడుగు తప్పితె మేనా పల్టీ కొడ్తది. అడుగుకొక్క మాట జొప్పున, మంచిగ, ఉండె, బాంచెన్, దొరా, అనుకుంట మోసినం."

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. అలాంటి ముచ్చట చేతికి దొరికితే ఏ విలేకరి ఊరుకుంటాడు! ఆ వారం లేఖలో లండన్‌లో ఒక మంత్రిగారిని పుట్టించాను. ఆయన సభలో కూలీల కష్టం గురించి కన్నీరు కార్చాడు, రోడ్డు చివర టోపీ దిండు కింద దాచి మేనా ఎక్కాడు, మోసే నలుగురిని నా ఉపన్యాసం ఎలా ఉందని అడిగాడు.

రంగయ్య గారు చదివి ముఖం ముడుచుకున్నాడు. "లండన్ల మేనాలు ఉంటయా అయ్యా?"

"పల్లెల్లో ఉంటయేమోనండీ," అన్నాను.

అచ్చుకు ముందు మా రాతలన్నీ చూసే సర్కారు ముసలాయన ఆ లేఖను ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా వదిలాడు. ఆంగ్లేయులను తిట్టినందుకు సంతోషించాడు కూడా. లండన్‌లో మేనా ఉండదన్న సంగతి ఆయనకు తట్టలేదు. జనగామలో మాత్రం పశువుల కాపరికి కూడా తట్టింది.

నలుగురిలో ఎవడు?

తర్వాత మల్లయ్య వచ్చినప్పుడు పడుకోలేదు, నీళ్లు తాగలేదు. అరుగు కింద నిలబడే చెప్పాడు. దొర లేఖ చదివాడు. నవ్వాడట కూడా. టోపీ దిండు కింద పెట్టింది, ఉపన్యాసం గురించి అడిగింది తెలిసినవాళ్లు లోకంలో నలుగురే. నలుగురినీ గడీ వాకిట్లో నిలబెట్టి ఎవడు చెప్పాడని అడిగాడు. ఎవరూ పెదవి విప్పలేదు. వారం గడువిచ్చాడు. చెప్పినవాడు ఒప్పుకుంటే ఆ ఒక్కడూ పెళ్లాం పిల్లలతో ఊరు విడిచిపోవాలి. ఎవరూ ఒప్పుకోకపోతే నలుగురి ఇళ్లూ పీకించి, మేనా మోసినందుకు తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చెలక తీసేసుకుంటాడు.

"జనగామకొచ్చేది నేనొక్కన్నే. దొరకు తెల్వదా? నా నోటితోని అనిపియ్యాలని జూస్తుండు," అన్నాడు మల్లయ్య. "రేపు ఒప్పుకుంట పంతులూ. ముగ్గురి ఇండ్లు కూలగొట్టిచ్చుడెందుకు? మా దాన్ని, పిల్లగాండ్లను దీస్కొని యాడికి పోవాల్నో ఎరిక లేదు గాని."

అరుగు మీద నుంచి దిగనైనా లేదు. కానీ నా నోరు చూడండి, అది మాత్రం పనిచేసింది. "తొందర పడకు మల్లయ్యా. నేను రాసింది లండన్ గురించి. ఆధారమేముంది? ఎడిటర్ గారితో మాట్లాడతా. వచ్చే వారం ఒక వివరణ వేద్దాం. పరిస్థితి చూసి..."

మల్లయ్య గొంతులో కోపం లేదు. "పంతులూ, నువ్వు పేపర్ల సదివి నవ్వుతవ్ సూడు గా సీమ మంత్రులను, ఆళ్లు గూడ గిట్లనే మాట్లాడ్తరా?" అన్నాడు.

నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అంతకన్నా గట్టిగా తిట్టలేదు. చెప్పులేసుకున్నాను. "నడు, నేనొస్త," అన్నాను.

గడీలో చాయ్

అతను వారానికి రెండుసార్లు నడిచే దారి నేను మొదటిసారి నడిచాను. సగం దారిలో నా అరికాళ్లు బొబ్బలెక్కాయి. మల్లయ్య నాకోసం రెండుమూడు చోట్ల ఆగాడు, నెత్తిన కట్టతో. ఆ కట్టలో లండన్ ఉంది. అడుగడుగునా సిగ్గుతో చచ్చిపోయాను.

దొర నన్ను చూసి చాలా మర్యాద చేశాడు. కుర్చీ వేయించాడు, గాజు కప్పులో చాయ్ తెప్పించాడు.

"లండన్ మిత్రులు ఇంత దూరం దయచేసిండ్రేంది?"

"ఆ లేఖ నేనే రాశాను. బోయీలకు దాంతో సంబంధం లేదు. ఆ రోజు రోడ్డు చివర నేనున్నాను. నా కళ్లతో చూశాను," అన్నాను. దారంతా కూడబలుక్కున్న అబద్ధం.

"యాడ నిలబడ్డరు?"

"మోదుగు చెట్ల వెనక."

"మరి మేనాల అన్న మాట చెట్ల వెనకకు ఇనబడ్డదా?"

"మీ గొంతు పెద్దది దొరా. సభలో కూడా చివరిదాకా వినబడ్డది."

దొర పకపకా నవ్వాడు. నేను అబద్ధమాడుతున్నానని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. పొగడ్త కలిపిన అబద్ధాన్ని పెద్దమనుషులు కాదనరని లండన్ వార్తలు చదివే నేర్చుకున్నాను. "అట్లనే రాసియ్యండి," అని కాగితం పెట్టించాడు. చాటున పొంచి ఉండి విన్నానని, క్షమించమని రాసి సంతకం చేశాను. ఆ కాగితం ఎప్పుడు బయటపెట్టినా నా ఉద్యోగం పోతుంది, జైలు కూడా రావచ్చు.

"ఇగ బోయీల ముచ్చట ఇడిసిపెడ్త," అన్నాడు దొర. "నలుగురిని ఎల్లగొడితె నన్ను మోసేటోడెవడు? మీరు లండన్ మీద రాస్తనే ఉండుండ్రి. లండన్ మీదనే."

నలుగురి ఇళ్లూ నిలిచాయి. గుండెల మీది బండ దిగింది. లేచి సెలవు తీసుకుంటుంటే దొర నా కాళ్లకేసి చూశాడు. "అయ్యో, బొబ్బలెక్కినయ్. మేనా కట్టుండ్రి రా, పంతులు గారిని రోడ్డు దాక దింపి రాండ్రి."

వద్దన్నాను. నడుస్తానన్నాను. దొర చిరునవ్వుతో చూస్తున్నాడు. అప్పటికే నలుగురూ బొంగు పట్టుకుని నిలబడ్డారు, మల్లయ్య ముందు వైపు. అతను నోరు కదలకుండా అన్నాడు.

"ఎక్కు పంతులూ. ఎక్కకుంటె కోపం మా మీదికొస్తది."

ఎక్కాను.

ఊరు దాటగానే ఆపమన్నాను, ఆపారు. దిగాను. నలుగురి ముఖాలూ చూడలేకపోయాను. మల్లయ్య భుజం రుద్దుకుంటూ నవ్వాడు. "గిది గూడ రాస్తవా పంతులూ? మస్తు నవ్వొస్తది."

"రాస్త," అన్నాను.

ఆ వారం లేఖ

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. కొద్ది నెలలకు ఆ ఊళ్లోకి కూడా సంఘం వచ్చింది. బోయీలు మేనా దింపేశారు, మళ్లీ ఎత్తలేదు. దొర హైదరాబాదు వెళ్లిపోయాడు. నా సంతకం ఉన్న కాగితం ఏమైందో తెలియదు. మల్లయ్య దళంలో చేరి భూపాలపల్లి అడవుల వైపు పోయాడని ఒకరన్నారు, కురవి దగ్గర పోలీసులకు దొరికాడని ఇంకొకరన్నారు. ఎంత వాకబు చేసినా నిజం తెలియలేదు. విలేకరినై ఉండి ఒక్క మనిషి జాడ తెలుసుకోలేకపోయాను.

కానీ నేను చెప్పాలనుకున్నది అంతకు ముందుది. గడీ నుంచి వచ్చిన వారం లేఖ రాయడానికి కూర్చున్నాను. మేనా ఎక్కిన విలేకరి గురించి రెండు పంక్తులు రాశాను, కొట్టేశాను. దొర దగ్గరున్న కాగితం గుర్తొచ్చింది. అంతకన్నా ముందు, హోటల్లో జనం నన్ను చూసి నవ్వడం గుర్తొచ్చింది. ఇది నిజం, నలభై ఏళ్ల తర్వాతైనా ఒప్పుకోవాలి. లండన్‌లో రొట్టెలకు రేషన్ చీట్లు పెట్టారని, బారులు తీరారని, తిండి తగ్గించమని చెప్పే మంత్రులు విందుల్లో తగ్గించడం లేదని రాసి పంపించాను. బాగానే కుదిరింది. రంగయ్య గారు మెచ్చుకున్నాడు కూడా.

పత్రిక వచ్చిన రోజు నేను హోటల్లో ఉన్నాను. మల్లయ్య స్టేషన్ నుంచి కట్టతో వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. ఎప్పుడూ హోటల్లోకి రాని మనిషి. చదివే ఆయనతో, "జర లండన్ లేఖ సదువన్న," అన్నాడు. ఆయన మొదలుపెట్టాడు. రొట్టెలు, బారులు, మంత్రులు, విందులు. అందరూ నవ్వుతున్నారు. మల్లయ్య ముందుకు వంగి, ఒక్క మాట పోకుండా వింటున్నాడు.

చదవడం ఆగింది.

"అయిపోయిందా అన్నా?" అన్నాడు మల్లయ్య.

"అయిపోయింది."

అతను నా వైపు చూడనైనా లేదు. లేచి, కట్ట నెత్తిన పెట్టుకుని, మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లాడు. ఆ రోజు మా అరుగు దగ్గర ఆగలేదు.